నిండు చూడి ఎనుము నడక

నేను రిటైరైన రోజు ఆఫీసులో పిల్లలు ఒక వీడియో వేశారు. ఇన్నేళ్ళలో నేను కదిలించిన బొమ్మల్లోంచి ముక్కలు ఏరి కూర్చారు. పళ్ళపొడి ప్రకటనలో నవ్వే ఉడత, సీరియల్ మొదట్లో పింఛం విప్పే నెమలి, సిమెంటు బస్తాను తొండంతో ఎత్తే ఏనుగు. వాటి మధ్యలో మూడు సెకన్ల పాటు ఒక ఎనుము పరిగెత్తుకుంటూ వచ్చి వ్యాన్ కింద పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మెడలో పూలదండ ఉంది, ఎదురుగా కేకు ఉంది, ఇంకేం చేయాలో తోచలేదు.

మా వైపు గేదెను ఎనుము అంటాం. ఆ మూడు సెకన్లు ఎలా తయారయ్యాయో ఆ పిల్లలకు తెలియదు. చెప్పే ధైర్యం ఆరోజు లేకపోయింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా చదువుతారని ఇప్పుడు రాస్తున్నాను.

మాది తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మొదట్లో కాగితం మీద పెన్సిలుతో గీసేదాన్ని. కంప్యూటర్లు వచ్చాక అందరితో పాటు మౌసు పట్టుకున్నాను. రోజూ లోకల్ రైల్లో చెన్నైకి పోయి ఒక చిన్న గ్రాఫిక్స్ ఆఫీసులో పని చేసేదాన్ని. తిరునిన్రవూరులో ఒక అన్న అదే రైలెక్కేవాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, ఇంట్లో మాలాగే తెలుగు, ఆఫీసులో నా పక్క సీటు. కంప్యూటర్లో జంతువు బొమ్మ అంటే పైన తోలు, లోపల ఎముకల గూడు. ఎముకలు ఆయన అమర్చేవాడు, వాటిని నేను కదిలించేదాన్ని.

నాలుగు కాళ్ళ జంతువును నడిపించడం మా పనిలో అన్నిటికంటే కష్టం. మనిషి నడకైతే మన ఒంట్లోనే ఉంది. సందేహం వస్తే లేచి నాలుగడుగులు వేసి చూసుకోవచ్చు. పశువు నడక అలా కాదు. ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, తర్వాత కుడి వెనకది, కుడి ముందుది. ఒక్కో కాలు లేచినప్పుడు బరువు ఎటు ఒరుగుతుందో, వెన్ను ఎంత వంగుతుందో, తల ఎప్పుడు దిగుతుందో అన్నీ కుదరాలి. ఒక చుట్టు అడుగులు కుదిరితే దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటాం. వాక్ సైకిల్ అనేది దాన్నే. కుదరకపోతే పశువు నేల మీద జారుతున్నట్టు ఉంటుంది. ఒక మంచి నడకకు అన్న లెక్కలో రెండు రోజులు, నా లెక్కలో మూడు. పరుగు తేలిక. వేగంలో తప్పులు కొట్టుకుపోతాయి.

ఆ రోజుల్లో మా ఆఫీసు ఒక వార్తల చానల్‌కు ప్రమాదాల బొమ్మలు చేసిచ్చేది. బస్సు ఎలా బోల్తా పడింది, గోడ ఎలా కూలింది, ఇలాంటివి. చానల్ నుంచి కాగితం వచ్చేది, బులెటిన్ వేళకు బొమ్మ పోయేది. మేము చూడని చావులకు మేము బొమ్మలు కట్టేవాళ్ళం. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు. పని నడుస్తోంది, అంతే.

ఒక ఉదయం తొమ్మిదికి అలాంటి కాగితం వచ్చింది. తిరుత్తణి దాటి అరక్కోణం పోయే దారిలో, తెల్లవారే వేళ, ఫ్యాక్టరీ షిఫ్టు ముగించుకుని ఇళ్ళకు పోతున్న ఆడవాళ్ళ వ్యాన్ ఒక ఎనుమును గుద్ది పక్కకు ఒరిగింది. ఇద్దరు చనిపోయారు. డ్రైవర్‌కు కాలు విరిగింది. లోపల మిగిలినవాళ్ళంతా నిద్రలో ఉన్నారు, ఎవరూ ఏమీ చూడలేదు. ఎనుము అక్కడికక్కడే చచ్చిపోయింది. పన్నెండు గంటల వార్తలకు బొమ్మ కావాలి.

మా హెడ్ నా సీటు దగ్గరికి వచ్చి, "మేడమ్, పదకొండున్నరకు ఇచ్చేయాలి" అని తమిళంలో చెప్పి వెళ్ళిపోయాడు. మంచివాడే. గడువు తప్ప వేరే ఏదీ వినపడని మంచివాడు.

అన్న నా స్క్రీను వైపు ఒరిగాడు.

"ఎనుము బొమ్మ మన దగ్గర యాడుంది? ఆవుండాది. నలుపు పూసి కొమ్ములు వెనక్కి తిప్పు, సరిపోతాది."

"నడక?"

"నడక లేదు. నా గుర్రం పరుగుండాది కదా, పిల్లల సీరియల్‌కు చేసినది. దాన్ని తగిలించు."

"గుర్రం పరుగు ఎనుముకు పెడితే ఎట్లన్నా?"

"మూడు సెకన్లమ్మా. కాళ్ళు ఎవురు లెక్కబెడతారు?"

పెట్టాను. పధ్నాలుగు ఫ్రేముల పరుగు అది, ఒక చుట్టుకు అర సెకను. గుర్రంలా కనబడకుండా కొంచెం నిదానం చేశాను, తల కిందికి దించాను. పక్క దారిలోంచి ఎనుము దూసుకొచ్చింది, వ్యాన్ తప్పించబోయి గుద్దింది. రోడ్డు మీద వేరే మనిషి లేడు. మనిషిని పెట్టాలంటే ఇంకో గంట పట్టేది. పదకొండూ ఇరవైకి ఫైలు పంపించి, డబ్బా తెరిచి ఇడ్లీ తిన్నాను. నాకు గుర్తుంది, ఆరోజు నాకు సంతోషంగానే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా పిన్నమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. ఆమె సగం జీవితం పశువులతో గడిపింది. మోకాళ్ళు పోయాక మా ఇంటికి వచ్చింది. తెర మీద సగంలో నా బొమ్మ, సగంలో రోడ్డు పక్కన పడి ఉన్న అసలు ఎనుము. పైన గుడ్డ కప్పారు, వెనక భాగం మాత్రం బయటికి ఉంది.

"ఈ బొమ్మ చేసినోడు ఎవుడో పట్నం నా కొడుకు" అంది పిన్నమ్మ.

"ఏం పిన్నమ్మా?"

"ఆ పొదుగు చూడు, ఎట్ల దిగినాదో. నిండు చూడిది. ఇంక పది దినాలకు ఈనుండు. అట్లాంటిది ఉరికేది యాడైనా చూసినావా? కర్రతో కొట్టినా అడుగు తీసి అడుగు వెయ్యదు."

నేను చెప్పు విప్పుతూ గుమ్మంలోనే ఉండిపోయాను. చేసింది నేనే అని చెప్పలేదు. కాగితంలో పరిగెత్తిందనే ఉండి ఉంటుంది, వాళ్ళు రాసిచ్చిందే కదా మనం చేసింది అని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు ఆఫీసుకు పోగానే ఆ కాగితం వెతికి తీశాను. ఎనుము గురించి అందులో ఉన్నది ఒక్క ముక్కే. "ఎరుమై కురుక్కే వందదు." ఎనుము అడ్డం వచ్చింది. పరిగెత్తిందని ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను, కాగితం తిప్పి వెనక కూడా చూశాను. పరుగు నేను పెట్టిందే.

అన్నకు చూపిస్తే, "పోనీలేమ్మా. ఒక దినం వార్త. రేపు ఇంకోటి వస్తాది" అన్నాడు. నేనూ అదే అనుకోవాలని చూశాను.

రెండు వారాల తర్వాత రైల్లో అన్నే నా దగ్గరికి వచ్చి తమిళ పేపరు చేతిలో పెట్టాడు. లోపలి పేజీలో చిన్న వార్త. పశువును రోడ్డు మీదికి విచ్చలవిడిగా వదిలి ఇద్దరి చావుకు కారణమైందని ఎనుము యజమానురాలి మీద కేసు పెట్టారు. ఎనుము పరిగెత్తి అడ్డం వచ్చిందని డ్రైవర్ చెప్పాడట. డ్రైవర్ ఆ మాట ఎప్పుడు చెప్పాడో వార్తలో లేదు. మా బొమ్మకు ముందా, తర్వాతా అన్నది నాకు ఈరోజుకీ తెలియదు. ఈలోగా ఆ మూడు సెకన్లు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. కింద జనం రాసిన మాటలు ఇక్కడ రాయను.

ఆ ఆదివారం తిరుత్తణి రైలెక్కాను. స్టేషన్ నుంచి షేర్ ఆటో, అక్కడి నుంచి నడక. ఊరు చిన్నది. ఎన్నో తరాల నుంచి అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళు ఒక ఇరవై ఉంటాయి. అడగగానే ఎనుము యజమానురాలి ఇల్లు చూపించారు. తలుపు వేసి ఉంది. తట్టితే ఆమె తమ్ముడు తీశాడు. నలభై దాటిన మనిషి.

"ఏ చానలు?" అన్నాడు.

"చానలు కాదు నాయనా. అక్కను చూసి పోదామని వచ్చినా."

"చచ్చిపోయినోళ్ళ తరఫా? వాళ్ళు వచ్చి పోయినారు. మూడుసార్లు వచ్చినారు. వాకిట్లో నిలబడి మన్ను పోసినారు. ఇంకేం కావల్ల?"

లోపలి నుంచి, "రానీరా, ఆడమనిషి" అన్న మాట వినపడింది.

ఆమెకు అరవై దగ్గరగా ఉంటుంది. భర్త లేడు, పిల్లలు లేరు. ఆ ఎనుమూ రోడ్డుకు అవతల ఉన్న కొంచెం చేనూ ఆమె బతుకు. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడి అరచేయి తోలు లేచి, కొత్త తోలు ఎర్రగా మెరుస్తోంది. దారి పొడుగునా నేను ఎన్నో మాటలు అనుకుని వచ్చాను.

"అక్కా, ఆ టీవీ బొమ్మ చేసింది నేనే" అన్నాను.

తమ్ముడు నా వైపు ఒక అడుగు వేశాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. నన్ను చూసింది. కోపం కనిపిస్తుందేమోనని చూశాను. లేదు.

"నువ్వు మా ఎనుమును చూసినావామ్మా?"

"లేదక్కా."

"చూడకుండా ఎట్ల చేసినావు?"

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఆమే చెప్పింది. రోజూ లాగే చీకటి విడిచే వేళ ఎనుమును పట్టుకుని రోడ్డు దాటింది. తాడు చేతికి చుట్టుకుని ముందు నడిచింది. రోడ్డు మధ్యలో ఎనుము నిలబడిపోయింది.

"కడుపు బరువు కదమ్మా. నాలుగడుగులు ఏస్తే నిలబడతాది, ఊపిరి పీల్చుకుంటాది, మళ్ళ నడస్తాది. దా తల్లీ, దా తల్లీ అని గుంజినా. వ్యాన్ లైట్లు దూరంగానే ఉండినాయి. నిలుపుతాడులే అనుకున్నా. నిలపలేదు. తాడు నా చేతిలోంచి పీక్కోని పోయింది."

"ఆ డ్రైవరు ముందు దినం నుంచి నిద్ర లేకుండా తోలినాడంట" అన్నాడు తమ్ముడు. "ఎవురికి చెప్పేది? చెప్తే, టీవీలో చూసినాములే అంటారు."

వాళ్ళ పక్కింట్లో ఇంకో చూడి ఎనుము ఉంది. దాన్ని నడిపించి చూపించమని అడిగాను. ఎందుకని తమ్ముడు అడిగితే, సరిగ్గా చేసి చూపిస్తాను అన్నాను. ఆమె స్వయంగా లేచి వచ్చి, నేను ఫోన్‌లో తీస్తూ ఉంటే, దాన్ని వీధిలో అటూ ఇటూ నడిపించింది. ఎడమ చేత్తో పట్టుకుని.

తర్వాత రెండు వారాలు మధ్యాహ్నం భోజనం వేళంతా ఆ నడక మీదే కూర్చున్నాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా చేసిన పని ఇంకొకటి లేదు. చూడి ఎనుము వెనక కాలు నేరుగా ముందుకు రాదు. కడుపును తప్పించుకుంటూ బయటికి తిరిగి వస్తుంది. ముందు కాలు ఆనిన ప్రతిసారీ తల దిగుతుంది. ఎప్పుడు చూసినా దాదాపు మూడు కాళ్ళు నేల మీదే ఉంటాయి. ఒక చుట్టుకు నలభై నాలుగు ఫ్రేములు పట్టాయి. కడుపు ఊగడం కుదరక తంటాలు పడుతుంటే అన్న అడగకుండానే నా కుర్చీ పక్కకు జరిపి, కడుపులో ఇంకో ఎముక అమర్చాడు.

"నా గుర్రం ఇంత పని చేస్తాదని అనుకోలేదమ్మా" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు రైల్లో మేమిద్దరం మాట్లాడుకోకుండానే ప్రయాణం చేశాం.

ఈసారి మనిషిని కూడా పెట్టాను. తాడు పట్టుకుని ముందు నడిచే ఆడమనిషి. పూర్తయ్యాక హెడ్ గదికి పోయి ఫోన్‌లో చూపించాను. మూడుసార్లు వేయించుకుని చూశాడు.

"నల్లా ఇరుక్కు మేడమ్" అన్నాడు. బాగుందట. "దేనికి ఇది?"

చెప్పాను. చానల్‌కు పంపుదాం, ముందు వేసింది ఊహించి చేసిన బొమ్మ అని వాళ్ళు ఒక్క మాట చెబితే చాలు అన్నాను.

ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. "మనమే తప్పు చేశామని మనమే చెబితే రేపటి నుంచి వాళ్ళు మనకు కాగితం పంపరు. ఇక్కడ ఇరవై మంది ఉన్నారు. వాళ్ళకు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

నేను గాజు తలుపులోంచి బయటికి చూశాను. ఇరవై తలలు ఇరవై స్క్రీన్ల ముందు వంగి ఉన్నాయి. ఫోన్ తీసుకుని నా సీటుకు వచ్చేశాను.

కేసు నెలల తరబడి సాగింది. ఆమెకు ప్రభుత్వం తరఫున ఉచితంగా ఒక లాయరమ్మను పెట్టారు. చిన్న వయసు, గట్టి పిల్ల. తమ్ముడి దగ్గర నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది. "ఆ బొమ్మ ఎవరూ చూసి చెప్పగా చేసింది కాదు, ఊహించి చేసింది అని ఒక కాగితం రాసి సంతకం పెట్టండి మేడమ్. వాయిదాకు మీరే స్వయంగా వస్తే ఇంకా బలం" అంది. వస్తానన్నాను. కాగితం కూడా రాశాను. సంతకం దగ్గర పెన్ను ఆగింది.

రిటైర్మెంట్‌కు మూడేళ్ళు ఉంది. హెడ్ ఏమీ బెదిరించలేదు, అది కూడా చెప్పాలి. నా అంతట నేనే భయపడ్డాను. వాయిదా రోజు పొద్దున లాయరమ్మకు ఫోన్ చేసి జ్వరం అన్నాను. "పరవాలేదు మేడమ్, వచ్చే వాయిదాకు రండి" అంది పాపం. ఆరోజు మామూలుగా రైలెక్కి ఆఫీసుకు పోయి ఒక బిస్కెట్ ప్రకటనలో కుందేలును ఎగిరించాను.

మీరు నన్ను పిరికిదాన్ని అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం వినండి. తప్పు చేసిన రోజు నాకు టైము లేదు. దిద్దుకోవాల్సిన రోజు నాకు టైముంది, కాగితం ఉంది, తిరుత్తణికి రైలు ఉంది. మొదటిదాన్ని నేను క్షమించుకోగలను.

వచ్చే వాయిదాకు పోయాను. ముందు రోజే సంతకం పెట్టి, సెలవు చీటీలో 'సొంత పని' అని రాసి, పదిన్నరకల్లా తిరుత్తణి కోర్టు దగ్గర దిగాను. వరండా నిండా జనం. లాయరమ్మ ఎదురొచ్చింది. ఆమె ముఖం చూడగానే తెలిసింది.

"అయిపోయింది మేడమ్. మొదటి కేసే మాది పిలిచారు. నేరం ఒప్పుకుంటావా అని అడిగారు, ఒప్పుకుంటానంది. నేను ఎంత చెప్పినా వినలేదు. జరిమానా వేసి వదిలేశారు."

"ఈ కాగితం?"

"ఇంక అవసరం లేదు మేడమ్" అంది. తర్వాత నా మనసు నొచ్చుకుందేమో అనుకుని, "పోనీ, నా ఫైల్లో ఉంచుతాను" అని తీసుకుంది.

ఆ అక్క వరండా చివర బెంచీ మీద కూర్చుని ఉంది. తమ్ముడు ఆటో కోసం బయటికి పోయాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టి జరిగి చోటిచ్చింది.

"ఎందుకక్కా ఒప్పుకున్నావు? నేను వచ్చినా కదా. కాగితం తెచ్చినా కదా."

"అడిగినారు, అవునంటిని."

"తాడు నీ చేతిలోనే ఉండింది కదా. నాకు నువ్వే చెప్పినావే."

ఎదురుగా ఎవరో పోలీసు ఒకతన్ని లోపలికి తీసుకుపోతుంటే వాళ్ళు దాటేదాకా చూసింది.

"చెప్పినా అమ్మా. అప్పుడు అట్లనే అనుకున్నా. ఊర్లో పిల్లకాయలు ఫోన్లో ఆ బొమ్మ చూపిస్తారు, వచ్చినోళ్ళు చూపిస్తారు, మా తమ్ముడు కూడా కోపంతో దినానికి పదిసార్లు చూస్తాడు. చూసి చూసి ఇప్పుడు కండ్లు మూసుకుంటే అదే వస్తా ఉండాది. ఎనుము ఉరుకుతా ఉంటాది. రోడ్డు మీద నేను యాడా ఉండను. ఎంత తడుముకున్నా నేను యాడా ఉండను. మరి జడ్జి ముందర ఉండినానని ఎట్ల చెప్పేది? ఆ ఇద్దురు ఆడబిడ్డలు పోయినారు. అబద్ధం చెప్పకూడదు కదా."

నేను ఫోన్ తీశాను. రెండుసార్లు తప్పు ఫైలు తెరిచాను. చివరికి ఆ నడక దొరికింది. చూడి ఎనుము ఒక్కో అడుగే వేస్తోంది, ముందు తాడు పట్టుకున్న ఆడమనిషి. రోడ్డు మధ్యలో ఎనుము నిలబడుతుంది, ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది. "ఇట్ల జరిగిందక్కా, నువ్వు చెప్పినట్టే చేసినా, చూడు" అన్నాను.

ఆమె ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. అయిపోతే మళ్ళీ పెట్టమంది. పెట్టాను. ఆమె పెదవులు కొంచెం కదిలాయి, పశువును పిలిచేటప్పుడు కదిలినట్టు. నాకు ఆశ పుట్టింది.

"ఎంత బాగా నడస్తా ఉండాదో" అంది. "పక్కింటోళ్ళ ఎనుము కదా ఇది?"

"దాన్ని చూసే చేసినానక్కా. అయితే ఇది మీదే. ఆరోజుది."

తమ్ముడు మెట్ల దగ్గరి నుంచి పిలిచాడు. ఆమె లేచి, చీరకొంగుతో ఫోన్ అద్దం తుడిచి నా చేతికిచ్చింది.

"కాదమ్మా. మాది ఉరికింది" అంది.